తానీషా ఆగి విన్నాడు

కూచిపూడి అనగానే అందరికీ సత్యభామ జడ గుర్తొస్తుంది. నాకు ఒక తురక గుర్తొస్తాడు.

అబుల్ హసన్ కుతుబ్‌షా. జనం నోట్లో తానీషా. మచిలీపట్నం వైపు వస్తూ దారిలో భాగవతుల ఆట చూశాడనీ, ముచ్చటపడి ఆ కుటుంబాలకి ఊరు ఊరంతా అగ్రహారంగా రాసిచ్చాడనీ కూచిపూడి వాళ్లే చెప్పుకుంటారు. 1678 ప్రాంతాల మాట. కూచిపూడి పక్కనే మొవ్వ. క్షేత్రయ్య ఊరు. గోల్కొండ పాదుషా సముఖంలో 1500 పదాలు చెప్పానని ఆయన తన పదంలోనే లెక్క చెప్పుకున్నాడు. ఆ పాదుషా తానీషాకి ముందువాడు, అబ్దుల్లా కుతుబ్‌షా అంటారు.

ఇవాళ శాస్త్రీయం అని పెద్దపీట వేసిన ఈ రెండూ అప్పటికి ఏమిటి? ఒకటి వేషాలు కట్టి ఊరూరా తిరిగే మేళం. రెండోది ఆదరించే చోటు వెతుక్కుంటూ రాజ్యాలు తిరిగిన ఒక పదకర్త గొంతు. ఇలాంటి వాటికి ఎవరో ఒకరు దారిలో ఆగి వినాలి. ఆగి విన్నవాడు తురకవాడు. కథ తనది కాదు, కథలో దేవుడు తన దేవుడు కాదు. అయినా విన్నాడు. విన్నందుకు భూమి ఇచ్చాడు.

మరి తెలుగువాడి జ్ఞాపకంలో తానీషా ఎవరు? రామదాసుని చెరలో పెట్టినవాడు. ఆయన్ని జైలరుగా గుర్తుపెట్టుకున్నారు, శ్రోతగా మర్చిపోయారు. 1687లో ఆ తానీషా గోల్కొండని కూల్చింది ఔరంగజేబు అనే ఇంకో ముసల్మానే అన్న సంగతీ మర్చిపోయారు. (ఇక్కడ దాంతో పనిలేదు. గుర్తొచ్చింది కనక రాశాను.)

మా పాదుషాలు ఎంత గొప్పవాళ్లో చూడండి అని చెప్పడానికి ఈ కథ ఎత్తుకోలేదు. నవాబుల వంశం కాదు మాది. ఈ డెల్టాలో మావాళ్లు దూదేకినవాళ్లు, గుర్రబ్బళ్లు తోలినవాళ్లు, పెడనలో కలంకారీ అచ్చులు గుద్దినవాళ్లు, ఊడ్పులకీ కోతలకీ కూలికెళ్లినవాళ్లు. తానీషా ఇచ్చిన భూమిలో మాకు సెంటు రాలేదు. నా ప్రశ్న వేరు. మూడొందల నలభై ఏళ్ల తర్వాత, అదే డెల్టాలో, ఒక తురక పిల్లాడు కొత్త పాట కడితే దారిలో ఆగి వినేవాళ్లు ఎవరు?

ఎవరూ లేరని నిష్ఠూరం ఆడే ముందు నా తప్పు నేను చెప్పుకుంటాను.

రెండేళ్ల కింద నా మేనల్లుడు ఫోనుకి ఓ పాట పంపాడు. ‘మామూ, మన బందరు కుర్రోడిది, ఒక్కసారి విను’ అన్నాడు. నేను వినలేదు. అప్పుడు ఓ సెమినారుకి పత్రం రాసుకుంటున్నాను. తెలుగు సాహిత్యంలో ముస్లిం గొంతు - అదీ విషయం! గొంతు గురించి పద్దెనిమిది పేజీలు రాశాను. గొంతు మాత్రం ఆరు నెలలు నా ఫోన్లో మూలిగింది. పిల్లల వెర్రి అనుకున్నాను. ర్యాప్ అనుకున్నాను. కవిత్వం రాసేవాణ్ణి కదా, ఫోన్లో పాడేవాడు నా కంటికి ఆనలేదు.

ఓ రోజు గుడివాడ బస్టాండులో బందరు బస్సు కోసం గంటన్నర కూర్చోవాల్సొచ్చింది. పేపరు అయిపోయింది. అప్పుడు విన్నాను.

ఆ కుర్రాడి పేరు రాయను. ఇనగుదురుపేట. పగలు ఏసీలు బాగుచేస్తాడు. పాట వాళ్లమ్మ మీద. బందరు రోల్డుగోల్డు నగలు మీకు తెలుసు, దేశమంతా పోతాయి. ఆ నగలకి ఇళ్లల్లో కూర్చుని రాళ్లు అతికే ఆడవాళ్లు మీకు తెలీదు. వాళ్లమ్మ రాత్రిళ్లు బల్బు కింద రాళ్లు అతుకుతుంది. ఒక హారానికి ఎన్ని రాళ్లో, ఒక రాయికి ఎన్ని పైసలో పాటలోనే లెక్కగట్టాడు పిల్లాడు. ఆ హారం ఏదో ఊళ్లో నాట్యం చేసే అమ్మాయి మెళ్లోకి పోతుంది. చప్పట్లు కొడతారు. ఇక్కడ అమ్మకి కళ్లు మసకలు. పాట అంతే. దాంట్లో అల్లా లేడు, రాముడు లేడు, భాయీ భాయీ లేదు. సగం తెలుగు, సగం మా ఇళ్లల్లో మాట్లాడే ఉర్దూ. లక్నోవాడు విని నవ్వే ఉర్దూ, పండితుడు విని నవ్వే తెలుగు. తాళానికి స్టీలు పళ్లెం, ఫోన్లో దొరికే డ్రమ్ము.

బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నేను రెండోసారి వింటున్నాను.

పద్దెనిమిది పేజీల పత్రంలో నేను చెప్పలేని మాట ఆ కుర్రాడు నాలుగు నిమిషాల్లో చెప్పాడు. సరే, తప్పు దిద్దుకుందామని నాకు తెలిసిన ఓ సాంస్కృతిక సంస్థ వాళ్లకి ఫోన్ చేశాను. మంచివాళ్లు. సెక్యులర్ మిత్రులు. వాళ్ల సభల్లో నేను చాలాసార్లు మాట్లాడాను. పేరు రాయను, రాయాల్సిన పనీ లేదు, అలాంటి సంస్థలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ‘తప్పకుండా పిలుద్దాం’ అన్నారు. రెండ్రోజులాగి మళ్లీ వాళ్లే చేశారు. ‘తల్లి పాట బావుంది సార్. కానీ మన సందర్భం మతసామరస్యం కదా. హిందూ ముస్లిం ఐక్యత మీద ఏమన్నా ఉందేమో కనుక్కోండి. టోపీ పెట్టుకొస్తే ఫొటోకి కూడా బావుంటుంది.’

ఆ మాట కుర్రాడికి చెప్పడానికి సిగ్గేసింది. చెప్పాను. ‘టోపీ నమాజుకి పెట్టుకుంటా భాయ్. పాటకెందుకు?’ అన్నాడు.

టోపీ లేకుండానే వచ్చాడు. మూడు నిమిషాలిచ్చారు. నాలుగు నిమిషాల పాటని మూడు నిమిషాల్లో పాడాడు. చివర్లో వందన సమర్పణ చేసినాయన మైకు పట్టుకుని అన్నాడు: ‘ముస్లిం అయినా ఎంత చక్కటి తెలుగు!’

జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు పాటకి కాదు, ఆ ‘అయినా’కి. ఆయన చెడ్డవాడు కాదు, మెచ్చుకుందామనే అన్నాడు. అందుకే భయం. తిట్టేవాడికి జవాబు చెప్పొచ్చు. ‘అయినా’ అని మెచ్చుకునేవాడికి ఏం చెప్తాం? వందల ఏళ్లు ఈ మట్టిలో పుట్టి, ఈ కాలవ నీళ్లు తాగి, ఈ భాషలో ఏడ్చి, ఈ భాషలో బూతులు తిట్టి, ఇంకా మేం తెలుగు మాట్లాడటం మీకు వింతేనా?

నాదస్వరం సంగతి మీరు గుర్తుచేస్తారని నాకు తెలుసు. ముస్లింల సంగీతం అనగానే తెలుగు సెక్యులర్ మేధావి వెంటనే తీసే సర్టిఫికెట్ అదే. కాబట్టి నేనే గుర్తుచేస్తాను. కరవది షేక్ చినమౌలానా. 1924లో ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి అందుకుని 1999లో పోయిన మహా విద్వాంసుడు. 2020లో పద్మశ్రీ అందుకున్న దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ. నాదస్వరం పట్టిన ముస్లిం ఆడమనిషి కాలీషాబీ, అది చిన్న విషయం కాదు. మా పాత కృష్ణా జిల్లా గోసవీడు షేక్ హసన్ సాహెబ్‌కి పోయాక, 2022లో, పద్మశ్రీ ఇచ్చారు. వీళ్ల ఊపిరి ముందు నేను తల వంచుతాను. త్యాగరాజు కీర్తన వాళ్లది కూడా. ఆ కీర్తన మీద వాళ్లు ఒక జీవితం ఖర్చుపెట్టారు.

నా గొడవ వాళ్లతో కాదు, వాళ్లని చూపించి మా నోరు మూయించే వాళ్లతో. గుడి మెట్ల మీద వాయించినంతసేపే మా సంగీతం మీకు సంగీతం. దేవుడి ఊరేగింపు ముందు నడిచే సన్నాయి సాయిబు మీకు ముద్దు. తన ఇంటి సంగతి, తన సందు సంగతి, తన తల్లి కళ్ల సంగతి పాడే సాయిబు మీకు ఎవరు? వాడికి సందర్భం ఉండదు. వాడు ఏ సభకీ పనికిరాడు. ఒక హిందూ పిల్లాడు తల్లి మీద పాట పాడితే అది తల్లి పాట. మా పిల్లాడు పాడితే అందులో సామరస్యం ఎక్కడుందని వెతుకుతారు. దొరక్కపోతే పాటే లేదంటారు.

షేక్ నాజర్‌ని తీసుకోండి. గుంటూరు జిల్లా పొన్నెకల్లు. 1920 నుంచి 1997 దాకా బతికాడు. బుర్రకథని ప్రజానాట్యమండలి వేదిక మీదకి తెచ్చి, ఆంధ్రదేశం అంతా తిరిగి, 1986లో పద్మశ్రీ అందుకున్నాడు. పల్నాటి యుద్ధం చెప్పాడు, అల్లూరి సీతారామరాజు చెప్పాడు, బెంగాల్ కరువు చెప్పాడు. జనం ఏడ్చారు. ఆ మనిషి తన కథ చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు దానికి పెట్టిన పేరు ‘పింజారి’. పద్మశ్రీ కాదు, బుర్రకథ పితామహుడు కాదు. పింజారి. జీవితమంతా ఊరి వీరుల కథలు చెప్పినవాడికి తన కులం పేరు అట్ట మీదకి ఎక్కించడానికి ముసలితనం దాకా పట్టింది. ఆ పుస్తకాన్ని ఎంతమంది చదివారో గానీ ఆ పేరు చాలు.

ఇక మా సంగతి. మాట పడాల్సింది మీరే కాదు.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ వచ్చింది. 1998లో ‘జల్‌జలా’ వచ్చింది. ముస్లింవాద కవిత్వం తెలుగు సాహిత్యాన్ని కుదిపింది. నిజమే. దళిత ఉద్యమాన్ని చూడండి, దానికి పాట ఉంది. మాస్టార్జీ ఉన్నాడు, గూడ అంజయ్య ఉన్నాడు. తెలంగాణ ఉద్యమానికి గద్దర్ ఉన్నాడు, గోరటి వెంకన్న ఉన్నాడు, పేరు తెలీని వెయ్యి గొంతులున్నాయి. మాకు కవిత్వం ఉంది, కథ ఉంది. అంతకు ముందు పిఠాపురం ఉమర్ అలీషా పద్యం కూడా ఉంది. పాట ఏది?

దీనికి మేం చెప్పుకునే కారణం ఒకటుంది, అందులో నిజం కూడా ఉంది. కవిత్వానికి కాయితం చాలు. పాటకి గొంతు కావాలి, గొంతుకి సందు కావాలి, సందులో నిలబడి వినే నలుగురు కావాలి. 1992 డిసెంబర్ 6 తర్వాత మా పేటల్లో నలుగురు ఒకచోట నిలబడితే జీపు ఆగేది. గుంపే అనుమానం అయినప్పుడు బృందగానం ఎక్కడి నుంచి వస్తుంది? లోపల కూర్చుని రాసుకున్నాం. రాసుకున్నది పత్రికలకి పంపాం.

కానీ ఇది సగమే. మిగతా సగం ఏమిటంటే పాట ఉంది, మేం దాన్ని పాట కింద లెక్కవేయలేదు.

రంజాన్ నెలలో సహరీకి లేపడానికి తెల్లారగట్ల మూడింటికి దాయిరా కొట్టుకుంటూ వచ్చే ఫకీరు ఉన్నాడు. మేం లేచి అన్నం తిన్నాం, అతను ఏం పాడాడో వినలేదు. పీర్ల పండగ ఉంది. అలావా చుట్టూ మాదిగల డప్పుకి మావాళ్ల గొంతు కలిసేది. కర్బలా ఎక్కడో ఎడారిలో ఉందని ఆ పాటల్లో తెలిసేది కాదు, మన కాలవ గట్టు అవతలే ఉన్నట్టుండేది. రాయలసీమ గూగూడు పీర్ల మీద అఫ్సర్ మొహమ్మద్ ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశాడు, ‘ది ఫెస్టివల్ ఆఫ్ పీర్స్’, 2013లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేశారు. మేం మా ఊరి పీర్ల చావిడి మీద తెలుగులో నాలుగు పేజీలు రాయలేదు. చదువుకున్నవాళ్లం కదా, పీర్ల పండగ షిర్క్ అని కొందరం, మూఢనమ్మకం అని కొందరం మొహం తిప్పుకున్నాం. ఈ రెండు జట్లూ ఇంకే విషయంలోనూ ఒక మాట మీద ఉండగా నేను చూళ్లేదు.

అన్నిటికంటే పెద్ద చెవుడు ఆడవాళ్ల పాట విషయంలో. మా ఇళ్లల్లో పెళ్లికి ముందు రాత్రి ఢోలక్ పెట్టుకుని కూర్చుంటారు. మా పెద్దాపా పెళ్లికి మా నానీ కూర్చుంది. ఒళ్లో ఢోలక్ లేదు, బోర్లించిన బిందె ఉంది. పెళ్లికొడుకు తల్లిని తిడుతూ పాట. పాత పాటే అనుకున్నాను. కాదు. ఆ పొద్దున పెళ్లివారు కట్నంలో స్కూటర్ కావాలని మడతపేచీ పెట్టారు. సాయంత్రానికి ఆ స్కూటర్ పాటలోకి వచ్చింది! స్కూటర్ ఎక్కి అత్తగారు ఎక్కడెక్కడికి పోయిందో, పెట్రోలు అయిపోయి ఎవరింట్లో పడుకుందో, చరణం మీద చరణం. వియ్యపురాలు కూడా నవ్వక తప్పలేదు. అక్షరం రాని మా నానీ అప్పటికప్పుడు పాట కట్టింది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, ఎవరి ఆదరణా అడగలేదు. ఇప్పుడు ఇండిపెండెంట్ సంగీతం అని ఒక మాట వాడుతున్నారు. ఆ మాటకి మా నానీ కంటే తగినవాళ్లు నాకు తెలీదు. ఒక్క చరణం రాసి పెట్టుకోలేదు నేను. అప్పటికే డిగ్రీలో ఉన్నాను. లోపలికి పోయి శ్రీశ్రీని చదువుకున్నాను.

మసీదు పెద్దల సంగతి కూడా అనకపోతే ఇది ఏకపక్షం అవుతుంది. వాద్యం హరామా హలాలా అన్న తగువు పద్నాలుగు వందల ఏళ్ల నాటిది, అది తీర్చగలిగినవాణ్ణి కాదు నేను. పెళ్లిళ్లలో దఫ్ మోగడం ప్రవక్త కాలంలోనే ఉంది. ఇమామ్ గజాలీ తన మహా గ్రంథంలో సమా గురించి ఒక భాగమే రాశాడు. చిష్తీ దర్గాల్లో ఖవ్వాలీ ఇవాళ్టికీ నడుస్తోంది. కాదన్నవాళ్లూ అంతే పెద్దవాళ్లు. హైదరాబాద్‌లో ‘మియా భాయ్’ పాటతో దేశమంతా మోగిన రుహాన్ అర్షద్ అనే కుర్రాడు, మతం ఒప్పుకోదని 2020లో పాటే మానేశానని ప్రకటించాడు. అది అతని ఈమాన్, అతని ఇష్టం, దానికి నేను గౌరవం ఇస్తాను. తనకు తాను మానుకోవడం వేరు, పక్కవాడి చేత మాన్పించడం వేరు.

మా బందరు కుర్రాణ్ణి కూడా పిలిచారు. ‘మ్యూజిక్ లేకుండా పాడుకో బేటా, తప్పులేదు’ అన్నారు. వాడు పెద్దల మాట తీసెయ్యలేదు. డ్రమ్ము తీసేసి, పళ్లెం తీసేసి, ఉత్త గొంతుతో అదే పాట మళ్లీ పాడి పెట్టాడు. మళ్లీ పిలిచారు. ‘తల్లి కష్టం బజార్లో పెడతావా? పేటలో మర్యాదస్తుల ఇళ్లల్లో కూలి ఎంతిస్తారో పాటలో చెప్తావా?’

అదీ సంగతి. బాధ వాద్యం గురించి కాదు. రాళ్లు అతికించుకుని రాయికి పైసల లెక్కన ఇచ్చేవాళ్లలో మా పెద్దమనుషులు కూడా ఉన్నారు.

భాష దగ్గర ఇంకో ముడి ఉంది. తమిళ ముస్లింకి నాగూర్ హనీఫా ఉన్నాడు. 1925 నుంచి 2015 దాకా బతికిన ఆ మనిషి తమిళంలో అల్లాని పాడాడు, అదే గొంతుతో డీఎంకే సభల్లో పార్టీ పాట పాడాడు, అన్ని మతాలవాళ్లూ విన్నారు. ఆయన్ని ‘ముస్లిం అయినా మంచి తమిళం’ అని ఎవరన్నా అంటే తమిళుడే నవ్వుతాడు. మలయాళ ముస్లింకి మాప్పిళ పాట్టు ఉంది, పందొమ్మిదో శతాబ్దపు మొయిన్‌కుట్టి వైద్యర్ ఉన్నాడు. మనకి? తెలుగులో నాత్ పాడితే మనవాళ్లే ‘ఉర్దూ రాదా?’ అంటారు. ఉర్దూ కలిపి పాడితే తెలుగువాళ్లు ‘తెలుగు రాదా?’ అంటారు. సినిమావాడు మాత్రం ఇద్దరికంటే ముందే నిర్ణయించేశాడు. సాయిబు వేషం వేస్తే వంకర తెలుగు మాట్లాడాలి, పాట పడితే ఖవ్వాలీ అవ్వాలి, వెనక ఆకుపచ్చ దీపం వెలగాలి. అప్పులు తీర్చే సాయిబుకి, ఏసీలు బాగుచేసే సాయిబుకి సినిమాలో పాట లేదు.

పాడేవాడికి మాత్రం చోటుంది. సత్తెనపల్లి నాగూర్ బాబు ఇళయరాజా పెట్టిన మనో అనే పేరుతో ఎంత గొప్ప గాయకుడయ్యాడో మీకు చెప్పక్కర్లేదు. ఆ గొంతుని నేనూ ప్రేమిస్తాను. 2021లో ‘బుల్లెట్టు బండి’ పాటకి ప్రతి పెళ్లిలోనూ ఎగిరారు కదా. సినిమా పాట కాదది, విడిగా వచ్చిన పాట. పాడిన మోహన భోగరాజు పేరు తెలుసు మీకు. సంగీతం ఎస్.కె. బాజీ అన్న అక్షరాలు ఎంతమంది చదివారు? మంగళ్‌హాట్ గల్లీల్లోంచి వచ్చిన రాహుల్ సిప్లిగంజ్ సొంత పాటలు ఏళ్లకేళ్లు యూట్యూబ్‌లో పెట్టాడు. 2023లో ‘నాటు నాటు’ ఆస్కార్ వేదిక ఎక్కాక, అతను అప్పుడే పుట్టినట్టు కనుక్కున్నారు. మన దగ్గర కొత్త పాటని కనుక్కోవడం అంటే ఇదే: సినిమా కనుక్కున్నాక మనం కనుక్కోవడం.

ఫోను వచ్చింది కదా, ఇప్పుడు ఎవరి పాటైనా ఎవరైనా వినొచ్చు కదా అంటారు. పాడినవాడు పెట్టొచ్చు, అంతవరకూ నిజం. ఫోను మాత్రం పదిమంది విన్నదాన్నే పదకొండోవాడికి వినిపిస్తుంది. తెలుగు ముస్లిం పాట అని అందులో వెతికాను. సినిమా ఖవ్వాలీలు వచ్చాయి. ఇనగుదురుపేట రాలేదు. ఇనగుదురుపేట నా మేనల్లుడి చేతి మీదుగానే వచ్చింది.

ఓ చానెల్‌వాళ్లు కుర్రాణ్ణి వెతుక్కుంటూ వచ్చారు. సంబరపడ్డాను. కాయితం చూపించాడు. అయిదు వేలు ఇస్తారట, పాట మీద సర్వహక్కులూ వాళ్లవట, శాశ్వతంగానట. సంతకానికి సిద్ధంగా ఉన్నాడు, వాళ్లమ్మ కళ్లద్దాలకి డబ్బు కావాలి. ఆపాను. 2012లో కాపీరైట్ చట్టం మార్చారు. పాట రాసినవాడికీ బాణీ కట్టినవాడికీ రాయల్టీలో సమానవాటా ఉంటుంది, కాయితం మీద రాయించుకున్నా ఆ వాటా పోదు. దాన్ని వసూలు చేసిపెట్టడానికి ఐపీఆర్ఎస్ అనే సంఘం ఉంది, అందులో చేరాలి. ఈ ముక్క మా కుర్రాళ్లకి చెప్పినవాళ్లు లేరు. చెప్పాల్సిన మేం సెమినార్లలో ఉన్నాం. ఆ చానెల్‌వాళ్లు రాయల్టీ మాట ఎత్తగానే మళ్లీ రాలేదు. అద్దాలు నేను కొనిచ్చాను, అప్పు కింద. నెలకి రెండొందలు తీరుస్తున్నాడు. వద్దంటే వినడు.

కాబట్టి మిత్రులారా, మాకు సభలో జోహార్లు వద్దు. రంజాన్ నెలలో ఇఫ్తార్ విందుకి పిలిచి పాడించుకోవడం కాదు, మామూలు మంగళవారం రోజున పిలవండి. టోపీ గురించి అడక్కండి. నాలుగు నిమిషాల పాటకి నాలుగు నిమిషాలు ఇవ్వండి. నాట్యం నేర్పే గురువులకీ, సంగీత సభలు నడిపే పెద్దలకీ డబ్బిస్తున్నారు కదా, ఆ లెక్కలో ఇతనికీ ఇవ్వండి. బాగాలేకపోతే బాగాలేదని చెప్పండి. మా పిల్లల పాటల్లో చెత్త కూడా ఉంది, నేనే విన్నాను, ఆ కుర్రాడివే ఇంకో రెండు పాటలు నాకు నచ్చలేదు. ఆ మాట వాడితో అన్నాను. తిట్టుకున్నాడు. మూడోది మళ్లీ బావుంది. పాటగాణ్ణి పాటగాడిగా చూడటం అంటే ఇంతకంటే ఏముంది?

మాలో వాళ్లకి చెప్పేది వేరే ఉంది. ఇళ్లల్లో ముసలివాళ్లు పోతున్నారు. మా నానీ పోయింది, స్కూటర్ పాట పోయింది. 1977 నవంబర్ 19 ఉప్పెన తర్వాత దివిసీమలో మావాళ్ల ఇళ్లల్లో ఏం పాడుకుని ఏడ్చారో అడుగుదామంటే అడగాల్సినవాళ్లు ఒక్కొక్కరే రాలిపోతున్నారు. కవిత రాయడం ఒక నెల ఆపండి. ఫోన్ పట్టుకుని నాగాయలంక పోండి, అవనిగడ్డ పోండి, పెడన పోండి.

ఈ మాట రాసే హక్కు ఉండాలని పోయిన రంజాన్‌లో నేనూ ఆ కుర్రాడూ కలిసి ఓ పని చేశాం. మా వీధికి వచ్చే ఫకీరు డెబ్బై దాటినవాడు. మూడింటికి గుమ్మంలో నిలబడి ఎదురుచూశాం. దాయిరా చప్పుడు ములుపులో వినిపించింది. ఈ ఏడాది పాట కొత్తది. బందరు పోర్టు మీద! తాత కాలం నుంచి వస్తుందన్న పోర్టు, తండ్రి కాలంలో వస్తుందన్న పోర్టు, ఇప్పుడు 2023లో పనులు మొదలైన పోర్టు. ఓడ వస్తుంది, ఓడలో ఖర్జూరం వస్తుంది, నా ఇఫ్తారుకి ఒక్కటన్నా వస్తుందా అని అడుగుతున్నాడు. నేను ముప్పై ఏళ్లుగా ఈ మనిషి గొంతుకి లేచి అన్నం తింటున్నాను. ఈ మనిషి ఏటా కొత్త పాట కడతాడని అప్పుడే తెలిసింది.

కుర్రాడు ఫోన్ ముందుకు పెట్టాడు. ముసలాయన పాట ఆపాడు.

‘రికార్డింగా? ఎంతిస్తారు?’

జేబులో రెండొందల నోటుంది. ఇచ్చాను. మడిచి జోలెలో వేసుకున్నాడు.

‘ఇది ముప్పై ఏళ్లు నిద్రలేపినందుకు. పాటకి వేరే.’